కుళాయిలన్నీ కట్టేసినా పంపు ఎందుకు మోగుతోంది?

అమెరికాలో సెలవులకు కుటుంబాలు తీసుకెళ్లే మోటార్‌ హోమ్‌లో వంటగది సింకు, షవరు, మరుగుదొడ్డి అన్నీ ఉంటాయి. ఇల్లు కదలదు కాబట్టి ఇంటి గొట్టం ఒకసారి బిగిస్తే ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. బండిలోని గొట్టం రోడ్డు పొడుగునా అదురుతుంది. శీతకాలం గడ్డకట్టే చలిలో నిలబడుతుంది. పైగా నేల కిందా అల్మరాల వెనకా దాక్కుని ఉంటుంది. నీళ్లు కారుతున్నాయన్న అనుమానం రాగానే చాలామంది టార్చిలైటు పట్టుకుని తడి కోసం వెతుకుతారు. నీరు పల్లం వెతుక్కుంటూ పోయి ఎక్కడో తేలుతుంది కాబట్టి తడి కనిపించిన చోటే లీకు ఉందన్న భరోసా లేదు. అంతకన్నా నమ్మదగిన సాక్షి బండిలోనే ఉందని నా వాదన. అదే 12 వోల్టుల చిన్న నీటి పంపు. అది ఎప్పుడు మోగుతోందో, ఎంతసేపటికి ఆగుతోందో గమనిస్తే లోపం ఏ భాగంలో ఉందో విప్పి చూడకముందే చాలావరకు తేల్చుకోవచ్చు.

ఈ పంపు బండిలోకి ఆలస్యంగానే చేరింది. 1910లో న్యూయార్క్‌ మాడిసన్‌ స్క్వేర్‌ గార్డెన్‌లో పియర్స్‌ ఆరో కంపెనీ ప్రదర్శించిన టూరింగ్‌ లాండో కారులో డ్రైవరు సీటు వెనక మడత విప్పుకునే సింకు ఉండేది. మరుగుదొడ్డి అంటే ఒక కుండ. 1936లో వాలీ బయమ్‌ తెచ్చిన ఎయిర్‌స్ట్రీమ్‌ క్లిప్పర్‌ ట్రైలరు తన నీళ్లు తానే మోసుకెళ్లింది. సింకు పక్కన చేతిపంపు కొట్టుకునే రోజుల తర్వాత, తొట్టిని బిగుతుగా మూసి కంప్రెసరుతో గాలి ఎక్కించి నీటిని కుళాయికి తోసే పద్ధతి వచ్చింది. అందులో తొట్టి ఒత్తిడికి ఆగేంత గట్టిగా, అంటే బరువుగా ఉండాలి. మూత దగ్గర గాలి పోతే ధార సన్నబడుతుంది, పోయే గాలి మాత్రం కంటికి కనబడదు. డయాఫ్రమ్‌ పంపుతో ఆ బెడద తీరింది. ఒత్తిడి పంపు దాటాకే మొదలవుతుంది కాబట్టి తొట్టి తేలికపాటి ప్లాస్టిక్‌దైనా చాలు. మోటారు తిరుగుతుంటే రబ్బరు పొర ముందుకూ వెనక్కూ ఆడి నీటిని పీల్చి నెడుతుంది; చిన్న నాన్‌ రిటర్న్‌ వాల్వులు దాన్ని వెనక్కి రానివ్వవు. చాలా పంపుల్లో ఒత్తిడి 55 పీఎస్‌ఐ దరిదాపులకు చేరగానే ప్రెజర్‌ స్విచ్‌ మోటారును ఆపుతుంది, కుళాయి విప్పి ఒత్తిడి పడిపోతే మళ్లీ నడుపుతుంది. మన రైతులు వీపున తగిలించుకునే బ్యాటరీ స్ప్రేయర్లలో ఉన్నదీ ఇదే జాతి పంపు. మీట వదలగానే అది దానంతటదే ఆగిపోయేది ఈ స్విచ్‌ వల్లే.

బ్యాటరీ వృథా కాకుండా పెట్టిన ఆ స్విచ్‌ అనుకోకుండా కొలత పరికరం కూడా అయింది. నీరు నొక్కితే కుంచించుకుపోయే రకం కాదు. ఒత్తిడి ఒక అట్మాస్ఫియర్‌ మారితే దాని ఘనపరిమాణం లక్షలో సుమారు 5 వంతులే మారుతుంది. ప్లాస్టిక్‌ గొట్టం కాస్త సాగుతుంది కాబట్టి బండిలో లెక్క ఇంత కచ్చితంగా ఉండదు. అయినా మూసిన గొట్టాల్లోంచి కొద్దిపాటి నీరు జారినా ఒత్తిడి గట్టిగానే పడుతుంది. అందరూ పడుకున్నాక పంపు ఒక్క క్షణం బుర్రుమని ఆగిందంటే, ఎక్కడో నీరు తప్పించుకుంటోంది. మోతకూ మోతకూ మధ్య ఎడం తగ్గుతుంటే లీకు పెరుగుతోంది. పంపు ఆగకుండా మోగుతూ, కుళాయి బుడగలతో నీటిని ఉమ్ముతుంటే కథ వేరు. తొట్టిలో నీరు ఉండీ అలా జరిగితే, తొట్టికీ పంపుకీ మధ్య ఎక్కడో గాలి దూరుతోంది. పంపు పీల్చే వైపు ఒత్తిడి బయటి గాలికన్నా తక్కువ కావచ్చు. అప్పుడు సందులోంచి నీరు బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. తడి వెతికేవాడికి అక్కడ పొడి నేలే దొరుకుతుంది! ముందుగా చూడాల్సినవి ఫిల్టరు జాలీ మూత, చలికాలానికి యాంటీఫ్రీజ్‌ ఎక్కించడానికి పెట్టిన పక్క వాల్వు.

సాక్షే చెడిపోతే ఏం చేస్తారని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పంపులోని నాన్‌ రిటర్న్‌ వాల్వు అరిగితే గొట్టాలన్నీ బాగున్నా ఒత్తిడి తొట్టిలోకే జారిపోతుంది, పంపు ఊరికే మోగుతుంది. అదృష్టవశాత్తూ ఈ బండ్లకు రెండో నీటి దారి ఉంది. క్యాంపు స్థలంలోని కుళాయికి హోసు తగిలిస్తే పంపు అవసరం లేకుండా అవే గొట్టాల్లోకి నీరు వస్తుంది. పంపు ఆపి, తొట్టి నింపే వాల్వు మూసి, హోసు తగిలించిన కుళాయి విప్పి చూడాలి. అయినా తొట్టి నిండుతోందంటే బయటి నీరు పంపు గుండా వెనక్కి వస్తున్నట్టే లెక్క. గొట్టాలు అవే, మారింది ఒత్తిడి వచ్చే చోటు మాత్రమే; ఇంత చక్కటి ప్రయోగం చేసే వీలు ఇంటి ప్లంబరుకు సాధారణంగా ఉండదు. (హోసుకు ప్రెజర్‌ రెగ్యులేటరు తప్పనిసరి, క్యాంపు కుళాయిల ఒత్తిడిని నమ్మలేం.) వాటర్‌ హీటరు సంగతి ఇంకాస్త సూక్ష్మం. కొన్నిటి తొట్టి పైభాగంలో గాలి నిలుస్తుంది. గాలి నొక్కుకుపోతుంది కాబట్టి లీకు ఉన్నా ఒత్తిడి నెమ్మదిగా పడుతుంది, మోతల మధ్య ఎడం పెరిగి లీకు చిన్నదనిపిస్తుంది. బైపాస్‌ వాల్వులు తిప్పి హీటరును పక్కకు తప్పించి మళ్లీ వింటే ఆ ముసుగు తొలగుతుంది.

అసలు గట్టి అభ్యంతరం మురుగు వైపు నుంచి వస్తుంది. వాడిన నీటి తొట్టి, మలం తొట్టి, సింకు కింద వంపు గొట్టం, వీటిలో ఒత్తిడే లేదు. అక్కడి వాసనల గురించి, అడ్డుపడటాల గురించి పంపుకు ఏమీ తెలియదు. ఒప్పుకుంటాను. కానీ అక్కడ కొలవడానికే పెట్టిన పరికరం ఎలా ఉందో చూడండి. చాలా బండ్లలో తొట్టి గోడకు లోహపు మొనలు బిగించి, వాటి మధ్య ద్రవం గుండా కరెంటు పారితే మట్టం అంత ఉందని దీపం వెలిగిస్తారు. గోడకు అంటుకున్న కాగితమూ మడ్డీ కూడా కరెంటు దాటిస్తాయి కాబట్టి, ఖాళీ చేసిన తొట్టి కూడా మూడింట రెండొంతులు నిండినట్టు చూపిస్తుంది. ఇక మరుగుదొడ్డి నీటి వాల్వు సన్నగా కారుతూ, గిన్నె అడుగు సీలు కూడా అరిగి ఉంటే, మంచినీరు చుక్క చుక్కగా మలం తొట్టిలోకే పోతుంది. నేల తడవదు, దీపాల మాట నమ్మేది కాదు. తొట్టి పొంగేలోపు ఆ సంగతి బయటపెట్టేది ఏ కుళాయీ విప్పకుండానే మోగే పంపు ఒక్కటే.