యువ న్యాయవాదుల సదస్సు

యువ న్యాయవాదుల సదస్సు అనగా న్యాయవాద వృత్తిలో కొత్తగా ప్రవేశించినవారికి వృత్తి మెళకువలు నేర్పడానికి, వారి సాధకబాధకాలను చర్చించడానికి జరిపే సమావేశం. బార్ అసోసియేషన్లు, న్యాయవాద సంఘాలు, న్యాయ కళాశాలలు ఇటువంటి సదస్సులను నిర్వహిస్తుంటాయి. అంతర్జాతీయ స్థాయిలో 1962లో ఏర్పడిన యువ న్యాయవాదుల సంఘం (ఐజా) 45 సంవత్సరాల వయసు వరకు ఉన్నవారిని యువ న్యాయవాదులుగా పరిగణిస్తుంది. భారతదేశపు న్యాయవాదుల చట్టం, 1961 ప్రకారం సీనియర్ న్యాయవాదులు, ఇతర న్యాయవాదులు అని రెండు తరగతులే ఉన్నాయి. "జూనియర్" అనేది వాడుక మాట మాత్రమే.

సదస్సుల అవసరం

వైద్య విద్యార్థి పట్టా పొందేముందు ఆసుపత్రిలో హౌస్ సర్జన్‌గా పనిచేయాలి. న్యాయ పట్టభద్రునికి అటువంటి నిర్బంధ శిక్షణ లేదు. 1961 చట్టంలో మొదట ఉన్న శిక్షణ నిబంధనను 1973 సవరణ తొలగించింది. భారత బార్ కౌన్సిల్ 1995లో ఒక సంవత్సరం శిక్షణను నియమంగా పెట్టగా, 1999లో సుప్రీంకోర్టు ఆ నియమాలను కొట్టివేసింది. 2010లో ప్రవేశపెట్టిన అఖిల భారత బార్ పరీక్షను 2023లో రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. అయితే ఈ పరీక్ష చట్ట పరిజ్ఞానాన్ని కొలుస్తుందే గాని, దావా ఎట్లా వ్రాయాలో, సాక్షిని ఎట్లా క్రాస్ ఎగ్జామినేషన్ చేయాలో నేర్పదు. ఆ విద్య సీనియర్ చాంబరులోనే అబ్బుతుంది. మంచి సీనియర్ దొరకనివారికి సదస్సు కొంతవరకు ఆ లోటు తీరుస్తుంది.

చర్చించే విషయాలు

* దావా, జవాబు దావా, బెయిలు దరఖాస్తుల రచన, వాదనా పద్ధతి.
* వృత్తి మర్యాద. బార్ కౌన్సిల్ 36వ నియమం ప్రకారం న్యాయవాది ప్రకటనలు ఇచ్చుకోరాదు. 2008 సవరణ తరువాత పేరు, చిరునామా, అర్హతలు వంటి కొద్ది వివరాలతో వెబ్‌సైటు పెట్టుకోవచ్చును.
* నమోదు రుసుము. సాధారణ అభ్యర్థుల నుండి 750 రూపాయలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారి నుండి 125 రూపాయలు మించి వసూలు చేయరాదని సుప్రీంకోర్టు 2024 జులై 30న తీర్పు చెప్పింది.
* న్యాయమూర్తుల ఎంపిక. జూనియర్ సివిల్ జడ్జి పదవికి కనీసం మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

స్టైపెండు సమస్య

పై తీర్పుతో జూనియర్ల జీవనోపాధి ప్రశ్న మరింత ముఖ్యమైనది. మొదటి సంవత్సరాలలో ఆదాయం లేక, ఇంటి నుండి డబ్బు తెప్పించుకోలేక, వృత్తి వదలుకొనేవారున్నారు. వకీళ్ళ కుటుంబాల నుండి వచ్చినవారికి చాంబరు, కక్షిదారులు వారసత్వంగా లభిస్తారు. పల్లెల నుండి వచ్చిన మొదటి తరం వారికి అవి ఉండవు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరులో "లా నేస్తం" పథకం క్రింద జూనియర్లకు నెలకు 5,000 రూపాయలు ఇవ్వడం ప్రారంభించింది. 2024 అక్టోబరులో భారత బార్ కౌన్సిల్ జూనియర్లకు పట్టణాలలో నెలకు 20,000, గ్రామాలలో 15,000 రూపాయలు ఇవ్వవలసిందిగా సీనియర్లకు సూచించింది. ఇది సిఫారసు మాత్రమే, ఆదేశం కాదు. ఇచ్చేవారు, పుచ్చుకొనేవారు ఒకే సభలో కూర్చొని ఈ విషయం మాట్లాడుకోగలగడం సదస్సు వల్ల కలిగే ముఖ్య ప్రయోజనం.

హైదరాబాదులో

హైదరాబాదులో న్యాయస్థానాలు ఒకచోట లేవు. తెలంగాణ హైకోర్టు (2019 జనవరి 1 నుండి) మూసీ తీరాన, క్రిమినల్ కోర్టులు నాంపల్లిలో, రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎల్.బి.నగర్‌లో, మరికొన్ని కూకట్‌పల్లిలో ఉన్నాయి. మియాపూర్ - ఎల్.బి.నగర్ మెట్రో మార్గం కూకట్‌పల్లి, అమీర్‌పేట, పంజాగుట్ట, నాంపల్లిల మీదుగా వెళుతుంది. అమీర్‌పేటలో నాగోల్ - రాయదుర్గం మార్గం దీనిని కలుస్తుంది. అందువలన వేరువేరు కోర్టులలో పనిచేసే జూనియర్లు సాయంత్రం కోర్టు ముగిశాక కలుసుకొనేందుకు అమీర్‌పేట, పంజాగుట్టలు అనుకూలమైన ప్రాంతాలు. శిక్షణ సంస్థలకు, హాస్టళ్ళకు పేరుపొందిన అమీర్‌పేటలో జిల్లాల నుండి వచ్చిన యువకులు తక్కువ ఖర్చుతో ఉండే వీలున్నది.