మీకు తెలుసా? రంగును బట్టి రేటు

గూడూరు గనుల్లో దొరికే మైకాకూ, అమెరికాలో తయారైన పాత డ్రమ్ సెట్లకూ సంబంధం లేదనిపిస్తుంది. కానీ బేరం దగ్గరికొచ్చేసరికి రెండూ ఒకే తోవన నడుస్తాయి. సరుకు ఎంత గట్టిదో చూడకముందే కొనేవాడి కన్ను రంగు మీద పడుతుంది. రేటు అక్కడే సగం తేలిపోతుంది.

● గూడూరుది ఆకుపచ్చ

నెల్లూరు సీమలోని మైకా పట్టీ గూడూరు నుంచి సంగం దాకా దాదాపు 100 కిలోమీటర్ల పొడవున, కొడవలి ఆకారంలో వంపు తిరిగి ఉంటుంది. సైదాపురం, రాపూరు, కలిచేడు గనులు ఈ పట్టీలోవే. ఇక్కడి మైకాలో ఎక్కువ భాగం లేత ఆకుపచ్చ. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో విదేశీ వర్తకులు దీనికి ‘మద్రాస్ గ్రీన్’ అని పేరు పెట్టారు. దీనికి పోటీ ఇప్పటి జార్ఖండ్‌లోని కోడర్మా, గిరిడీ ప్రాంతాల ఎర్రజీర మైకా. దాన్ని ‘బెంగాల్ రూబీ’ అనేవాళ్లు. రెండూ మస్కొవైట్ అనే ఒకే ఖనిజం. అయినా మార్కెట్లో పెద్దపీట రూబీకే.

● రేకు తీస్తే రంగు మాయం

మైకా దిమ్మను చేతిలోకి తీసుకుని అంచున గోరుతో గీకితే పొర లేస్తుంది. ఆ పొర లోంచి మరో పొర, దానిలోంచి ఇంకొకటి. అలా సన్నగా తీసిన ఒక్క రేకును వెలుతురుకు అడ్డం పెట్టి చూడండి, గాజు ముక్కలా రంగు లేకుండా ఉంటుంది. ఆకుపచ్చ ఏమైందో తెలియదు. దిమ్మ మందంగా ఉన్నప్పుడే రంగు కనబడుతుంది. ఇనుములాంటి మూలకాలు కొద్దిపాళ్లలో కలవడం వల్ల వచ్చే రంగు అది. అంటే ధర తేల్చే రంగు దిమ్మలో ఉంటుంది. పనికొచ్చే రేకులో మాత్రం అది ఉండీ లేనట్టే.

● మచ్చ పడితే రేటు కోత

రంగు తర్వాత చూసేది మచ్చ. మచ్చలేని సరుకు ‘క్లియర్’. అక్కడి నుంచి కొద్ది మచ్చ, ఓ మోస్తరు మచ్చ, బాగా మచ్చ అంటూ మెట్లు దిగుతూ పోతే అట్టడుగున నల్లచుక్కల సరుకు ఉంటుంది. ఆ నల్లచుక్కలు, ఎర్రమరకలు చాలావరకు పొరల మధ్య ఇరుక్కున్న ఇనుప ఖనిజాలే. నలుపు మాగ్నటైట్ అయితే ఎరుపు హెమటైట్. ఇవి కాక పొరల నడుమ చిక్కుకున్న గాలి బుడగలను కూడా మచ్చల లెక్కలోనే వేస్తారు. షెడ్లలో రేకుల్ని ఒక్కొక్కటిగా వెలుతురుకు పట్టి ఏరడం కూలీల పని. యంత్రం కంటే వాళ్ల కంటికే ఎక్కువ విలువ.

● నంబరు తగ్గేకొద్దీ రేకు పెద్దది

మైకాకు సైజు నంబర్లున్నాయి, అయితే లెక్క తిరగబడి ఉంటుంది. 6వ నంబరు రేకులోంచి ఒకటి నుంచి రెండుంపావు చదరపు అంగుళాల ముక్కే వస్తుంది. 1వ నంబరంటే 24 నుంచి 36 చదరపు అంగుళాలు. అంతకు మించిన వాటికి ‘స్పెషల్’ అని వేరే పేర్లు. గనిలోంచి వచ్చేదాంట్లో చిన్నరకమే ఎక్కువ, పెద్ద రేకులు అరుదు. కాబట్టి సైజు రెట్టింపైతే ధర రెట్టింపుతో ఆగదు, అంతకంటే పైకి పోతుంది. పొదలకూరు దగ్గరి ఇనుకుర్తి గనిలో పది అడుగుల అడ్డం ఉన్న మైకా స్ఫటికాలు దొరికాయన్నది భూగర్భ శాస్త్ర గ్రంథాలకెక్కిన సంగతి.

● యుద్ధం వచ్చి కళ్లు తెరిపించింది

రెండో ప్రపంచ యుద్ధంలో రేడియో వాల్వులకూ, కెపాసిటర్లకూ, విమానాల స్పార్క్ ప్లగ్గులకూ మైకా కావలసి వచ్చింది. భారతదేశపు సరుకును పంచుకోవడానికి బ్రిటన్, అమెరికా కలిసి 1942లో కలకత్తాలో ఉమ్మడి మైకా మిషన్ పెట్టాయి. అయినా మచ్చలేని సరుకు చాలలేదు. అప్పుడు అమెరికా ప్రయోగశాలల్లో మైకాను కంటితో కాక కరెంటుతో పరీక్షించడం మొదలుపెట్టారు. తీరా చూస్తే, మచ్చలున్నాయని పక్కన పెట్టిన దాంట్లో చాలా భాగం కెపాసిటర్లకు భేషుగ్గా పనికొచ్చింది. రంగూ మచ్చా చూసి నాణ్యత చెప్పేయడం అన్నివేళలా చెల్లదని తేలిపోయింది. బేరగాళ్ల అలవాటు మాత్రం ఆ పరీక్షలతో పోలేదు.

● వైద్యుడికి నలుపే మేలు

కరెంటు పనికి అట్టడుగున ఉన్న నలుపు ఆయుర్వేదంలో అందలమెక్కింది. రసశాస్త్రం అభ్రకాన్ని, అంటే మైకాను, రంగును బట్టి నాలుగు రకాలు చేసింది: తెలుపు, ఎరుపు, పసుపు, నలుపు. అభ్రక భస్మానికి నల్లదాన్నే శ్రేష్ఠమన్నారు. ఆ నల్లవాటిలోనూ నిప్పులో వేస్తే పొరలు విచ్చుకునేది ఒకటి, పాములా బుసకొట్టేది ఒకటి, కప్పలా ఎగిరేది ఒకటి. ఏమీ కాకుండా ఉండే వజ్రాభ్రకమే పనికొస్తుందని చెప్పారు. ఆకుపచ్చకు ఈ నాలుగింటిలో చోటే లేదు. కొనే పని మారితే రంగుల వరుస కూడా మారుతుంది.

● డ్రమ్ము రంగు చొక్కాలాంటిది

ఇక డ్రమ్ముల సంగతి. 1960ల నాటి అమెరికన్ డ్రమ్ సెట్లలో చాలావాటి మీద తళతళలాడే రంగు చెక్కది కాదు. చెక్క పీపా చుట్టూ అతికించిన పల్చటి సెల్యులాయిడ్ షీటుది. లోపల చెక్క, మీద చర్మం, పక్కన బిగించే లోహపు సామాను అన్నీ ఒకటే అయితే నీలం సెట్టూ తెల్ల సెట్టూ వినడానికి ఒకేలా ఉంటాయి. అయినా పాత సామాను కొనేవాళ్లు ముందు అడిగేది రంగు పేరే.

● ఒక్క రాత్రిలో గిరాకీ

1963లో లండన్‌లోని డ్రమ్ సిటీ దుకాణంలో బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ లుడ్విగ్ కంపెనీ సెట్టు తీసుకున్నాడు. దాని రంగు ‘ఆయిస్టర్ బ్లాక్ పెర్ల్’, నలుపులో ముత్యపు చారలు. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టీవీలో బీటిల్స్ వాయించిన ఎడ్ సలివన్ షో చూసినవాళ్లు దాదాపు 7.3 కోట్ల మంది. ఆ దెబ్బతో లుడ్విగ్ ఫ్యాక్టరీకి ఊపిరాడనన్ని ఆర్డర్లొచ్చాయి. 2015 డిసెంబరులో రింగో మొదటి లుడ్విగ్ సెట్టు జూలియెన్స్ వేలంలో 21 లక్షల డాలర్లకు పైగా పలికింది. అది వాయించిన చేతుల విలువ అనుకోండి. కానీ ఆ చేతులు తాకని సెట్లు కూడా అదే కాలానివీ, అదే రంగువీ, అదే సైజువీ అయితే పక్క రంగుల కంటే ఎక్కువ పలుకుతున్నాయి.

● ఆనాడు వద్దన్నదే ఈనాడు ముద్దు

బాగా అమ్ముడుపోయిన రంగులు ఇప్పటికీ బోలెడు దొరుకుతాయి. షాంపేన్ స్పార్కిల్, సిల్వర్ స్పార్కిల్ ఆ కోవలోవి. 1960ల చివర లుడ్విగ్ తెచ్చిన సైకెడెలిక్ రెడ్, మాడ్ ఆరెంజ్‌లాంటి గాఢమైన రంగులు కొద్దికాలమే ఉన్నాయి. తయారైనవి తక్కువ కాబట్టి, ఇప్పుడు వాటికోసం వెతికేవాళ్లు ఎక్కువ. గ్రెచ్ కంపెనీ బంగారు పూత సామానుతో తెచ్చిన క్యాడిలాక్ గ్రీన్‌కూ అదే మోజు. అయితే అరుదు ఒక్కటే చాలదు, అడిగేవాడు కూడా ఉండాలి. ఎవరికీ నచ్చని రంగు ఎంత అరుదైనా మూలనే పడి ఉంటుంది.

● ఎండ మార్చిన రంగు

సెల్యులాయిడ్ పాతబడితే పచ్చబడుతుంది. తెల్లముత్యం రంగు వెన్న రంగుకు దిగుతుంది, వెండిమెరుపు బంగారుఛాయ పట్టుకుంటుంది, నీలిమెరుపు మీద పసుపు చేరి ఆకుపచ్చగా కనిపిస్తుంది. అందుకే తెలిసినవాళ్లు పక్కన బిగించిన లోహపు ముక్కను ఒకదాన్ని స్క్రూ తీసి చూస్తారు. దాని కింద వెలుతురు పడని చోట పుట్టినప్పటి రంగు అలాగే ఉంటుంది. పాతది పీకి కొత్త షీటు అతికిస్తే సెట్టు కళకళలాడుతుంది కానీ ధర పడిపోతుంది. పాత సామాను కొనేవాళ్లు వెలిసిన అసలు రంగుకే ఓటేస్తారు. మైకాకు ఈ బెడద లేదు. ఎండకూ కాకకూ తట్టుకుంటుంది కాబట్టే పాతకాలపు కరెంటు ఇస్త్రీపెట్టె విప్పితే లోపల వేడితీగ చుట్టింది మైకా రేకుకే.

● తుక్కుకు పట్టిన యోగం

ముత్యపు మెరుపు కోసం ఒకప్పుడు చేప పొలుసుల నుంచి తీసిన పదార్థం వాడేవాళ్లు. 1960ల్లో మైకా పొడి మీద టైటానియం డయాక్సైడ్ పూత వేసే పద్ధతి వచ్చింది. దాంట్లో రంగు కలపరు. పూత మందం కాస్త పెంచితే వెండిమెరుపు పోయి బంగారుఛాయ, ఆపైన ఎరుపు, నీలం, ఆకుపచ్చ వస్తాయి. సబ్బునీటి బుడగ మీద రంగులు ఆడేది కూడా ఈ సూత్రంతోనే. కార్ల పెయింట్లలో, గోళ్ల రంగుల్లో ముత్యపు మెరుపు చాలావరకు దీనిదే. ఈలోగా రేడియో వాల్వుల స్థానంలో ట్రాన్సిస్టర్లు వచ్చి పెద్ద రేకులకు గిరాకీ తగ్గింది. గూడూరు చుట్టుపక్కల మైకా వ్యాపారం తుక్కు మీదకూ పొడి మీదకూ మళ్లింది. రంగు బాగా లేదనో, మచ్చ పడిందనో, ముక్క చిన్నదనో గుట్టలు పోసిన సరుకే ఇప్పుడు కిలోల లెక్కన తూకానికెక్కుతోంది.