పురిటికి పోవు తల్లులును, గదిగదికి వేడినిచ్చు మరలును

పూర్వము పురిటికి కూఁతురు పుట్టినింటికి వచ్చెడిది. ఇప్పుడు పుట్టినిల్లే కూఁతురున్న చోటికి కదలిపోవుచున్నది. ఖమ్మము, కొత్తగూడెము, పాల్వంచ, భద్రాచలము మొదలగు పట్టణములనుండియే గాక, అడవి సరిహద్దు గ్రామములనుండి సయితము ఇంగ్లండు, ఐర్లండు, జర్మనీ దేశములకు బయలుదేరు తల్లులును అత్తగార్లును మనకు కనఁబడుచున్నారు. వీరు పెట్టెలలో శొంఠి, వాము, నువ్వులపొడి, కారప్పొడి సర్దుకొందురు. ఉన్ని శాలువలు, మేజోళ్లు కొందురు. కాని, అచ్చట తాము రేయింబవళ్లు మెలఁగవలసిన యింటిలో వేడిమిని నడపు మరనుగూర్చి వీరికి చెప్పువారు లేరు. ఆ కొఱఁత కొంత తీర్చుటకే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన సీమ ఎండకు పేరువడసినది. కొన్ని యేండ్లు వేసవిలో కొత్తగూడెమునందును భద్రాచలమునందును ఎండ 45 డిగ్రీలు దాఁటుట మన మెఱిఁగినదే. చలి మనకు రెండు నెలల చుట్టము. అది వచ్చినప్పుడు తలుపు వేసికొని, దుప్పటి కప్పుకొని, వాకిట నెగడు వేసికొని గడుపుదుము. అచ్చటనో, ఆఱు నెలలపాటు ఇంటిని వెచ్చఁబెట్టుటయే గృహకృత్యములలో నొకటి.

ఆ దేశములలో పెక్కిండ్లు వేడినీటితో వెచ్చఁబడును. వంటయింటిలోనో, మెట్ల క్రిందనో బాయిలరు ఉండును. అది సాధారణముగ గ్యాసుతో నీటిని కాఁచి గొట్టములగుండ గదిగదికి పంపును. ప్రతి గదిలోను గోడకు, తఱచుగా కిటికీ క్రింద, ఇనుప పలకవంటి దొకటి బిగింపఁబడి యుండును. దానినే రేడియేటరందురు. నీరు దానిలోఁ దిరిగి, గదికి వేడినిచ్చి, మరలఁ గాఁగుటకు వెనుకకుఁ బోవును. అమెరికాలోని యిండ్లలో పెక్కింట ఈ పద్ధతి లేదు. అచ్చట వేడిగాలియే గొట్టములగుండ వచ్చును. కావున మా మాటలు ముఖ్యముగ ఐరోపాఖండమునకుఁ బోవువారికి.

గది తగినంత వెచ్చఁబడఁగానే వేడిమిని తనంతఁ దానే యాపు మరకు థర్మోస్టాటని పేరు. దీని చరిత్ర వినఁదగినది. అమెరికాలోని విస్కాన్సిను రాష్ట్రమున వారెన్ జాన్సనను నుపాధ్యాయుఁ డుండెడివాఁడు. గది వేడిమిని చూచుటకు నౌకరు మాటిమాటికి తరగతిలోనికి వచ్చుటవలన పాఠము చెడుచుండెను. దానికి విసిగి, గది వెచ్చదనమును గది నుండియే తెలుపు విద్యుత్సాధన మొకటి యాతఁడు కల్పించి 1883లో పేటెంటు పొందెను. ఉపాధ్యాయుల యింట మెలఁగు మాకీ కథ మిక్కిలి ప్రీతికరము. పిమ్మట 1943లో డెన్మార్కు దేశీయుఁడగు మాడ్స్ క్లౌసెన్ అనునాతఁడు రేడియేటరుకే తగిలించు చిన్న మరను నిర్మించెను. అది పిడికిలియంత యుండి, మీఁద 1 మొదలు 5 వఱకు అంకెలు గలిగి యుండును. లోపలి పదార్థము వేడికి ఉబ్బి నీటిదారిని మూయును; చల్లఁబడి ముడుచుకొని తెఱచును. ఇది నేఁటికిని లక్షల యిండ్లలో నున్నది.

ఇప్పుడు దానిస్థానమున స్మార్టు థర్మోస్టాటులు వచ్చుచున్నవి. ఉబ్బు పదార్థమునకు బదులు వీనిలో బ్యాటరీతో నడచు చిన్న మోటారుండును. పిల్లలు సెల్‌ఫోనులో ఏ గదికి ఏ వేళ ఎంత వేడి కావలెనో వ్రాసి పెట్టుదురు. ఉదయము లేచువేళకు పడకగది 18, సాయంకాలము కూర్చుండు గది 20, అందఱు పనికిఁ బోయినప్పుడు 15 లేక 16 – ఇట్లుండును వ్రాఁత. కొన్ని యిండ్లలో మఱియొక ఏర్పాటును గలదు. ఇంటివారి ఫోనులన్నియు ఇల్లు విడిచి దూరము పోయినచో, ఇంట నెవ్వరును లేరని యెంచి మర తానే వేడిని తగ్గించును. ఫోను తిరిగి యింటికి చేరవచ్చునప్పటికి మరల హెచ్చించును.

ఇచ్చటనే మన తల్లుల కష్టము మొదలగును. ఈ మర ఫోనులను లెక్కించునేగాని మనుష్యులను లెక్కింపదు. మా యెఱుకలో నొక పెద్దమ్మగారు పుష్యమాసమున కుమారుని యింటికిఁ బోయిరి. కోడలు ప్రసవమునకు ముందు కడపటి దినములవఱకు ఉద్యోగమునకుఁ బోవుచుండెను. ఇద్దఱును తొమ్మిదిగంటలకు వెడలిన పిదప ఇల్లు నెమ్మదిగఁ జల్లారెడిది. ఆమె శాలువమీఁద శాలువ కప్పుకొని, ‘ఇది యీ దేశపు చలి కాఁబోలు, ఓర్చుకొనవలసినదే’ యని యొక వారము ఓర్చుకొనిరఁట. బిడ్డలకు ఖర్చగునని యడుగలేదు. తల్లి చలికి ముడుచుకొనుచున్నదని బిడ్డలకుఁ దెలియదు. వారు వచ్చువేళకు ఇల్లు వెచ్చగనే యుండెడిది. తుదకు సెలవుదినమున కోడలింట నుండఁగా సంగతి బయటఁబడినది. ఎవరి తప్పును లేదు. ఇంటిలో నొక మనిషి హెచ్చినదని మరతో చెప్పినవారు లేరు, అంతియే.

బిడ్డలు పొదుపు చేయుటకును గారణము గలదు. బ్రిటనులో సాధారణ కుటుంబమునకు గ్యాసు, విద్యుత్తుల వార్షికవ్యయపు హద్దు 2021 అక్టోబరులో 1,277 పౌనులుగా నుండఁగా, 2022 అక్టోబరు నాఁటికి ప్రభుత్వము ధరలను అదిమిపట్టియు 2,500 పౌనులకు వచ్చినది. అట్టి యేడాది చూచినవారు ఖాళీగదిని వెచ్చఁబెట్టుటకు సంకోచింతురు. అది వివేకమే. కాని ముసలితల్లి కూర్చున్న గది ఖాళీగది కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2018లో వెలువరించిన సూత్రములలో చలిదేశపు టిండ్లు 18 డిగ్రీలకుఁ దగ్గకుండుట మేలనియు, వృద్ధులకు, శిశువులకు, రోగులకు అంతకంటె కొంత హెచ్చు కావలసి యుండవచ్చుననియుఁ జెప్పిరి. చలిలో నుండుటవలన రక్తపుపోటు పెరుగును. ఊపిరితిత్తుల వ్యాధులు ముదురును. కావున ఓర్చుకొనుట యిచ్చట సుగుణము కాదు. ఇంట దిగిన మొదటిదినముననే, ‘అమ్మాయీ, మీరు లేనప్పుడు నేనుండు గది యెంత వెచ్చగ నుండును?’ అని యడుగుట తల్లి ధర్మము. ఆమె గదిని పగటివేళకుఁ గూడ వ్రాఁతలోఁ జేర్చుట బిడ్డ ధర్మము.

ఇఁక బిడ్డను గన్న పిదప రెండవ చిక్కు. మన వాడుక ప్రకారము బాలెంతను బిడ్డను వెచ్చగ నుంచవలెను. చెవులకు దూది, తలకు టోపీ, మంచము క్రింద కుంపటి. అచ్చటి వైద్యులు దీనికి భిన్నముగఁ జెప్పుదురు. శిశువు నిద్రించు గది 16 మొదలు 20 డిగ్రీల లోపల నుండుట మేలని బ్రిటనులోని జాతీయ ఆరోగ్యసేవవారి మాట. ఇంటిలోపల నిద్రలో తలకు టోపీ వలదు. బిడ్డ తొట్టిని రేడియేటరు ప్రక్కన పెట్టరాదు. మొదటి యాఱు మాసములు తల్లిదండ్రుల గదిలోనే వేఱు తొట్టిలో పరుండఁబెట్టవలెను. మితిమీఱిన వేడి శిశువులకు నిద్రలో ఆకస్మికముగఁ గలుగు మరణమునకు తోడ్పడునని వారు కనుఁగొన్నారు. పసివారు తలద్వారమున వేడిని విడుతురు. దానిని కప్పినచో ఒడలు కాఁగును. చేతులు కాళ్లు చల్లగ నుండుట సహజము. వానిని చూచి భయపడక, రొమ్మునో మెడ వెనుకనో తాఁకి చూడవలెను. అచ్చట చెమట యున్నచో కప్పినది యొకటి తీసివేయవలెను.

మన పెద్దల పద్ధతి మూఢమని మేమనుట లేదు. తాటియాకు కప్పుగల యింటిలో, తడికెల సందులనుండి గాలి యాడుచోట, కుంపటికి అర్థముండెను. గాలి చొరకుండ మూసికట్టిన యిల్లు వేఱు. ఆ యిండ్లలో బొగ్గుల కుంపటి యెన్నఁడును వెలిగింపరాదని మేము నొక్కి చెప్పుచున్నాము. బొగ్గు మండునప్పుడు పుట్టు కార్బన్ మోనాక్సైడను వాయువునకు రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో నిద్రించువారిని నిద్రలోనే చంపును. కుంపటిపని రేడియేటరు చేయుచుండఁగా ఆ యపాయమును కొనితెచ్చుకొన నేల?

చూడుఁడు, ఒకే యింటిలో అమ్మమ్మకు ఇరువది యొకటి కావలెను. మనుమనికి పదునెనిమిది చాలును. పూర్వపు బాయిలరుకు ఇల్లంతయు నొక్కటే. ఈ క్రొత్తమర గదిగదికి వేఱువేఱుగ వేడి నీయఁగలదు. దీనియందలి నిజమైన మేలిదియే. ఒకే కుండలో వండినను, పిల్లలకు మెత్తగ, పెద్దలకు కారము తగ్గించి, బాలెంతకు పథ్యముగ వడ్డించు నేర్పు మన యిల్లాండ్రకు క్రొత్త కాదు. వేడిమిని గూడ అట్లే వడ్డింపవచ్చును. అమ్మమ్మ పగలు కూర్చుండు గదిని ఇరువదియొకటికిని, శిశువు నిద్రించు గదిని పదునెనిమిదికిని వ్రాయించుకొని, నడుమ తలుపు వేసికొన్నచో కలహము తీఱును. ఎవరికెంతయో తెలియుట మర పని కాదు, ఇంటివారి పని.

దానితోడి కాఁపురమునకు కొన్ని మెలఁకువలు వ్రాయుచున్నాము. ఈ మర తాను తగిలియున్న చోటి గాలినే కొలుచును. దానిమీఁద తెర పడినను, తడిచీరలు రేడియేటరుపై ఆఱవేసినను, ఆ మూల వేడి యంతయు గదివేడి యని తలఁచి మూసికొనును. గది చలిగనే యుండును. చీరలవలన గోడలకు చెమ్మయు, బూజును బట్టును. కావున బట్టలు వేఱుచోట, కిటికీ కొంత తెఱచి, ఆఱవేయవలెను. బిడ్డయుయ్యెలవద్ద, అమ్మమ్మ కుర్చీవద్ద వేఱొక చిన్న ఉష్ణమాపకము నుంచుకొనుట మేలు. మర చెప్పు అంకెకును, దానికిని భేదమున్నచో ఆ భేదమును ఫోనులో సరిదిద్దవచ్చును.

పోపు వేయునప్పుడు ఘాటు పోవుటకు కిటికీ తెఱచుట మనకలవాటు. గాలి హఠాత్తుగఁ జల్లఁబడఁగానే, కిటికీ తెఱచిరని కనిపెట్టి కొన్ని మరలు కొంతసేపు వేడినాపివేయును. ఇది చెడుట కాదు. కిటికీ మూసి కొంత తాళినచో మరల నడచును. చలిగా నున్నదని అంకెను 30కి త్రిప్పుటవలన గది త్వరగ వెచ్చఁబడదు. నీటిదారి పూర్తిగఁ దెఱవఁబడిన పిదప వేగము హెచ్చుట కవకాశము లేదు. కొంతసేపటికి ఉక్కపోయుట మాత్రము నిశ్చయము. పెక్కు మరలను చేతితోఁ ద్రిప్పవచ్చును. అట్లు త్రిప్పినది సాధారణముగ తరువాతి వ్రాఁతవేళవఱకు నిలుచును. ఆ త్రిప్పు విధమును బిడ్డలు తల్లికి చేయిపట్టి చూపవలెను. ఫోను లేనిదే కదలని యింట ఫోను లేనివారు పరాయివారగుదురు. రాత్రివేళ గోడవద్ద ‘కిర్రు’మని సన్ననిధ్వని విన్నచో బెదరవలదు, అది మోటారు దారి మూయు చప్పుడు. బ్యాటరీలు తీఱుచున్న గుర్తు గనఁబడినచో వెంటనే చెప్పవలెను.

విదేశయానము లేని సోదరీమణులును ఈ విషయము తమది గాదని తలఁపరాదు. మన యిండ్లలోని ఏ.సి. యంత్రమునందును ఇట్టి థర్మోస్టాటే యున్నది. అచ్చట వేడికి, ఇచ్చట చల్లదనమునకు. అదియు గోడమీఁద, కప్పునకు సమీపమున నుండి అచ్చటి గాలినే కొలుచును. క్రింద పరుండిన పసివాని చలి దానికిఁ దెలియదు. వంటయింట పొయ్యివద్ద చెమటలు గ్రక్కు నిల్లాలి వేడియుఁ దెలియదు. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీవారి యేర్పాటుచే 2020 జనవరి 1 నుండి మన దేశమున స్టారుగుర్తు గల ఏ.సి.లు మొదట 24 డిగ్రీలవద్ద నడచునట్లు చేయఁబడుచున్నవి. ఒక్క డిగ్రీ హెచ్చించినచో సుమారు నూటికి ఆఱుపాళ్లు విద్యుత్తు మిగులునని వారి లెక్క. ఆ విద్యుత్తు మనకు దూరపుది కాదు. 1889లో ఇల్లెందు ప్రాంతమున త్రవ్వకము మొదలైన సింగరేణి బొగ్గుతో పాల్వంచయందును, మణుగూరు చెంతనున్న 1,080 మెగావాట్ల భద్రాద్రి విద్యుత్కేంద్రమునందును పుట్టుచున్నది. బూడిదయు, పొగయు మన యడవి యంచుననే పడుచున్నవి. పదునెనిమిదికి దించి దుప్పటి కప్పుకొనువారు ఈ సంగతి యొకమారు తలఁపవలెను.

బయలుదేరు తల్లులారా! శొంఠిపొడితోఁ బాటు రెండు ప్రశ్నలను గూడ మూటఁగట్టుకొనుఁడు: ‘నేను పగలుండు గది యెంత వెచ్చన? దానిని నా చేతితోఁ ద్రిప్పుటెట్లు?’ పిల్లలారా! విమానాశ్రయమునకు ఎదురేఁగుటకు ముందే ఫోను తెఱచి, ఇంట నొక మనిషి హెచ్చినదని వ్రాయుఁడు. ఆమె యడుగదు. ఆమె యడుగకుండుటయే మీరు ముందుగఁ జేయవలసినదానికిఁ గారణము.