పాదవైద్యునకు చదువు ముగియునా?

పాఠశాల పత్రికలో పాదములను గూర్చిన వ్యాసమేలయని తల్లిదండ్రులు కొందరు అనుకొనవచ్చును. పూండి పరిసరముల పొలములలో చెప్పులు లేక తిరుగు పెద్దలు మన యిండ్లలో కలరు. వారిలో మధుమేహము గలవారికి ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియకపోవచ్చును. పిమ్మట ఆ కాలు నిలుచుట వైద్యుడు నేర్చిన చదువుపై కొంత ఆధారపడియున్నది.

అమెరికాలో పాదవైద్యము ప్రత్యేక వృత్తి. నాలుగేండ్లు చదివి పట్టము పొందినవారు మరి మూడేండ్లు ఆసుపత్రిలో రెసిడెంటులుగా శిక్షణ పొందుదురు. రోగులను చూచుటయే గాక, విద్యాసభలకు పోవుట, క్రొత్త పరిశోధనలను చదివి చర్చించుట వారి పనిలో భాగము. స్వతంత్రముగా వైద్యము చేయునప్పుడును ఈ అభ్యాసము తప్పదు. మన దేశములో పాదవ్రణములను ఎక్కువగా శస్త్రవైద్యులు, మధుమేహ వైద్యులు చూచుచున్నారు. ఐదేండ్లలో 30 గంటలైనను ఇట్టి సభలలో పాల్గొనవలయునని భారత వైద్యమండలి 2002 నాటి నియమావళి చెప్పినది. మన పిల్లలు ఒక్క వారములో ఇంచుమించు అంతసేపు తరగతిలో కూర్చుందురు! నాకది చాలదనియే తోచును.

పట్టము వచ్చిన పిదప చదువెందుకనువారికి వేలూరు కథ చెప్పవలయును. కాట్పాడిలో దిగి అచ్చటి ఆసుపత్రికి పోవుట మనవారికి క్రొత్త గాదు. 1914 లో కొల్లిమలలో జన్మించిన డాక్టరు పాల్ బ్రాండుగారు 1946 లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిరి. కుష్ఠురోగుల వ్రేళ్ళు, పాదములు రోగముచేతనే కుళ్ళిపోవునని అప్పటి వైద్యులలో చాలమంది నమ్మిక. బ్రాండుగారు ఓపికతో పరిశీలించిరి. నరములు చెడి నొప్పి తెలియకపోవుటచేత రోగి పుండుమీదనే నడచి దానిని పెంచుకొనుచున్నాడని చూపిరి. కనుక పుండుపై పడు భారమును తొలగించుట ముఖ్యమైనది. పాదమునకు చక్కగా అతుకు పిండికట్టు, మెత్తని రబ్బరుతో కుట్టిన చెప్పులు అందుకే. పాత పాఠముతో తృప్తిపడిన వైద్యుడు మానదగిన పాదమునుగూడ తీసివేయవచ్చును గదా.

1966 లో బ్రాండుగారు అమెరికాలోని కార్విల్ ఆసుపత్రికి పోయిరి. స్పర్శ పోయిన మధుమేహ రోగుల పాదములకును ఈ పద్ధతి పనికివచ్చెను. నేటి అమెరికా రెసిడెంటు నేర్చు పాఠములో మన వేలూరు అనుభవమును కలదన్నమాట.

ఆ విద్య మరల మన దేశమునకు వేరొక రూపమున వచ్చినది. 2004 ప్రాంతమున భారతదేశములోను, టాంజానియాలోను 'స్టెప్ బై స్టెప్' అను శిక్షణ ఆరంభమైనది. వైద్యుడు, నర్సు జంటగా వచ్చి నేర్చుకొని, తమ ఊరిలో కొంతకాలము పనిచేసి, పై తరగతికి మరల వచ్చుట దాని క్రమము. నర్సును కూడ కూర్చుండబెట్టుట మిక్కిలి మెచ్చదగినది. కట్టు మార్చు చేయి తరచుగా ఆమెదే.

అట్టి శిక్షణలో నేర్పు పరీక్ష యొకటి మీరెరుగవలయును. వైద్యుడు సన్నని నైలాను పోగును అరికాలికి ఆనించి వంగువరకు నొక్కును. అప్పుడు పడునది 10 గ్రాముల ఒత్తిడి మాత్రమే. రోగి కన్నులు మూసికొని, తగిలినదో లేదో చెప్పవలయును. తెలియనిచో ఆ పాదమునకు అపాయము కలదని గుర్తు. దీనికి కొన్ని నిమిషములు చాలును. మధుమేహము గల పెద్దలను ఆసుపత్రికి తోడుకొనిపోవునపుడు చెప్పులు విప్పించి అరికాళ్ళు చూపుడు. ఈ పరీక్ష చేయుదురాయని సంకోచింపక అడుగుడు.