సొరల సముద్రమున నాలుగు దినములు

కాకినాడనుండి ఒక సోదరుడు వ్రాసిన ఉత్తరమే నేటి ప్రసంగమునకు కారణము. ఆయన పెదనాన్నగారు ఉద్యోగరీత్యా దక్షిణాఫ్రికాలోని డర్బను నగరమున స్థిరపడినారు. వారి కుమార్తె వివాహము రానున్న ఆగస్టులో ఒక శనివారమునాడు జరుగనున్నదట. మన సోదరునకు దొరకిన సెలవు ఎనిమిది దినములు. రెండేండ్ల క్రిందట అండమానులో ఆయన స్కూబా నేర్చి, 18 మీటర్ల లోతువరకు దిగుటకు యోగ్యతాపత్రము పొందియున్నారు. ఆ పిమ్మట నీటిలో దిగలేదు. "పెండ్లి మరునాడు ఆదివారము ఉదయము అలీవాల్ షోల్ వద్ద పులిసొరలను చూచి, మధ్యాహ్నము కారులో జొహానెస్‌బర్గు చేరి, రాత్రి విమానమెక్కవలెనని నా సంకల్పము. సొరలవలన ప్రాణాపాయము కలదా?" అని వారి ప్రశ్న.

ఈ సంకల్పములో ప్రాణాపాయము ఉన్నమాట నిజమే. కాని అది సొరచేపలో లేదు. కారులోను, విమానములోను ఉన్నది.

ముందుగా ఆ చోటెట్టిదో చెప్పెదను. డర్బనుకు నైరుతి దిశగా ఇంచుమించు 50 కిలోమీటర్ల దూరమున ఉమ్కొమాస్ అను చిన్న ఊరు కలదు. అచటి తీరమునుండి సుమారు 5 కిలోమీటర్లు లోపలికి పోయినచో నీటి అడుగున ఒక శిలాశ్రేణి తగులును. అతిపురాతన కాలమున అది ఇసుకతిన్నె, నేడు రాయి. 1849లో అలీవాల్ అను ఓడ దానికి తగిలి పగులబోయి తప్పించుకొనుటచే దానికాపేరు వచ్చినది. తరువాత వచ్చిన ఓడలన్నియు అంత అదృష్టము చేసికొనలేదు. 1884లో నెబో, 1974లో ప్రొడ్యూస్ అచటనే మునిగినవి. నేడా ప్రదేశము రక్షిత సముద్రప్రాంతము.

ఆ తీరము తెలుగువారికి పరాయిది కాదు. 1860లో ట్రూరో అను ఓడ మద్రాసునుండి కూలీలను డర్బను చేర్చినది మొదలు, అనేక సంవత్సరములు మన జిల్లాలవారు ఒప్పందముపై అచటి చెరకు తోటలకు పోయిరి. వారి సంతతివారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. పెండ్లికుమారుడు అట్టి పాత కుటుంబములలోని వాడే యని ఉత్తరములో ఉన్నది. సంతోషము.

ఇక పులిసొరల మాట. అచటి ఋతువులు మనకు తలక్రిందులు. మన శీతకాలము వారికి వేసవి. పులిసొరలు ఆ ప్రాంతమున ఎక్కువగా కనబడునది నీరు వెచ్చబడు డిసెంబరు మొదలు మే వరకు. ఆగస్టులో వానికొరకు పోవుట మాఘమాసములో మామిడిపండ్లకు సంతకు పోవుటవంటిది. సెలవు చిన్నదైనప్పుడు ఏ జంతువును చూడవలెనో నిర్ణయించునది మన కోరిక కాదు, మాసము. అయితే నిరాశపడనక్కర లేదు. జూన్ మొదలు నవంబరు వరకు మరియొక సొరజాతి ఆ శిలాగుహలలో గుంపులుగా చేరును. దానిని అచటివారు ముద్దుగా 'రాగీ' యందురు. మన రాగులతో దానికేమియు సంబంధము లేదు. ఆంగ్లమున 'చింపిరిపండ్ల సొర' యను అర్థమిచ్చు పేరునకు అది పొట్టిరూపము.

నిజముగా ఆ పండ్లే దానికి అపకీర్తి తెచ్చినవి. నోరు మూసికొన్నను సూదులవలె వెలుపలికి పొడుచుకొనివచ్చి కనబడును. రెండు మూడు మీటర్ల దేహము, గూని వీపు, మందగమనము. చేపలకు గాలితిత్తి ఉండును గాని సొరలకు అది లేదు. ఈ సొర ఉపాయశాలి. నీటిపైకి వచ్చి గాలి మ్రింగి, దానిని కడుపులో నిలుపుకొని, ఈదకయే నీటి నడుమ తూనికగా నిలిచియుండగలదు. గర్భస్థ శిశువుల కథ మరియు వింతయైనది. తల్లికి గర్భాశయములు రెండు. ఒక్కొక్క దానిలో ముందుగా పెరిగిన పిల్ల తక్కిన పిల్లలను తినివేయును. కావున కాన్పునకు రెండే పిల్లలు. మన తీరమున బాలింతకు పాలసొర పుట్టు వండిపెట్టు అమ్మలకు ఈ సంగతి చెప్పినచో ఏమందురో!

ఇంత చేసియు, ఇది మనుష్యుని జోలికి రాదు. దాని ఆహారము చేపలు. దిగినవారు చేయవలసినది గుహద్వారమునకు అడ్డుపడక, లోపల చొరబడక, ప్రక్కగా అడుగుభాగమున కదలక ఉండుట. కలతపడిన సొర తోకతో ఒక్క విసరు విసరును. తుపాకి పేలినట్లు చప్పుడగును. అది శెలవు తీసికొమ్మని చెప్పుట. రెండవమారు చెప్పించుకొనరాదు.

వేసవిలో పులిసొరలను చూపు పద్ధతి వేరు. బట్టలుతుకు యంత్రములోని చిల్లుల లోహపు డోలులో సార్డీను చేపలు నింపి, నీటిలో వ్రేలాడదీసి, ఆ వాసనకు సొరలను రప్పింతురు. దిగినవారు నిలువుగా ఉండి, చేతులు దగ్గరకు ముడుచుకొని, పులిసొరకు వీపు చూపక, దాని కంటివైపే చూచుచుండవలెను. అనుభవముగల మార్గదర్శి వెంట అది సాగుచునే యున్నది. ఆరే ఆరు మునకల అనుభవముగల మన సోదరునకు దానిని నేను సూచింపను. ఎర లేకుండ, తమ పనిమీద తామున్న జంతువులను చూచుటయే నాకు మిన్నగా తోచును. ఇది నా అభిప్రాయమే.

గుహలలోను ఎంపిక కలదు. కెథెడ్రల్ అను గుహ ప్రసిద్ధమైనది గాని దాని అడుగు 27 మీటర్ల దాపున ఉండును. 18 మీటర్ల పత్రముతో అచటికి దిగరాదు. రాగీల గుహ యనబడునది తక్కువ లోతున ఉన్నది. అదియే ఈయనకు తగును. 'ఒక్కసారికేమి లెండు' అను మార్గదర్శి ఎదురైనచో వేరొక మార్గదర్శిని చూచుకొనవలెను.

ఇప్పుడు కారు సంగతి. నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాయుమండలపు ఒత్తిడి అధికమగును. 18 మీటర్ల లోతున మనము పీల్చు గాలి ఉపరితలముకంటె దాదాపు మూడురెట్లు దట్టమైనది. దానిలోని నత్రజని రక్తములోను కండరములలోను కరగి నిలుచును. మూతి బిగించిన సోడాబుడ్డిలో బుడగ కనబడదు. గోలీ నొక్కగానే నురుగు పైకి పొంగును. నెమ్మదిగా పైకి వచ్చి, నేలమీద గంటల తరబడి విశ్రమించినవానిలో నత్రజని ఊపిరితోనే మెల్లగా వెలికిపోవును. తొందరపడి ఎత్తునకు పోయినవానిలో బుడగలై కీళ్లనొప్పి, తిమ్మిరి, ఒక్కొక్కప్పుడు వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పడిపోవుట సంభవించును.

విమానములో గాలి నింపియుందురు గదా యందురు. నింపెదరు, కాని అది 2,400 మీటర్ల పర్వతముపై ఉండు పలుచదనమువరకు పోవచ్చును. జొహానెస్‌బర్గు నగరమే 1,700 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది. అనగా సముద్రతీరమునుండి కారులో ఆ ఊరు చేరుట విమానయానములో సగముకంటె ఎక్కువ! ఇది చాలమందికి తోచదు. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ వారి సలహా యేమనగా, ఒక్క మునకకు పిమ్మట కనీసము 12 గంటలు, పలుమారులు గాని పలుదినములు గాని మునిగినచో కనీసము 18 గంటలు ఆగి విమానమెక్కవలెను. పూర్తిగా ఒక దినము ఆగుటయే మేలని నా మాట. మన సోదరుడు వేసికొన్న లెక్కలో రెండు గంటలైన లేదు.

కావున పంచాంగమును చివరనుండి వెనుకకు చదువవలెను. ఆదివారము రాత్రి విమానము. శనివారము పెండ్లి. శుక్రవారము మునక లేదు. బంధువులు డ్రాకెన్స్‌బర్గు కొండలు చూపెదమన్నచో అప్పుడును సాయంత్రమునకు వాయిదా వేయవలెను. బుధ గురువారములు సముద్రమునకు. ఈ రెండింటిలో ఒకటి గాలికి, అలలకు పోవునని ముందే అనుకొనుట మంచిది. ఉమ్కొమాస్‌లో రేవు లేదు. నది ముఖమునుండి రబ్బరు పడవను విరుగు కెరటములలోనికి త్రోసి, పట్టీలలో పాదములు దూర్చుకొని కూర్చుండవలెను. సముద్రము కాదన్ననాడు పడవవాడును కాదనును. సొమ్ము కట్టితిమని అతనితో వాదింపరాదు. మంగళవారము ఈతకొలనులో పాఠములను మరల అభ్యసించుటకు. రెండేండ్లు దిగనివానికి ఇది తప్పదు. సోమవారము చేరుట, నిద్ర.

జలుబు ఉన్నచో ఈ లెక్కయంతయు వ్యర్థము. నేనొకమారు అండమానులో ముక్కు బిగిసియుండగానే పంతముకొద్ది దిగి, నాలుగు మీటర్లవద్ద చెవిపోటుతో మరలివచ్చి, తక్కిన మూడు దినములు ఒడ్డున కొబ్బరినీళ్లు త్రాగుచు కూర్చుంటిని. చికిత్సామందిరపు ఖర్చు భరించు బీమా ముందే తీసికొనవలెను. ఐదు మిల్లీమీటర్ల మందముగల దుస్తు అడిగి పుచ్చుకొనవలెను; ఆగస్టులో అచటి నీరు చల్లన. పైకి వచ్చిన పిమ్మట నొప్పిగాని తిమ్మిరిగాని కలిగినచో పెండ్లిసందడిలో దాచక వెంటనే చెప్పవలెను. మొదటి చికిత్స ప్రాణవాయువు పీల్చుట.

పెండ్లికి ముందు సొరలలోనికి పోనిచ్చుటకు పెద్దలు ఒప్పుకొనరేమో యని సోదరుడు సందేహించవచ్చును. వారికి ఈ ప్రసంగము వినిపింపవచ్చును. ఆదివారపు మునకను మాత్రము ఈ దినముననే ఉత్తరము వ్రాసి రద్దు చేసికొనవలెను.