బండి ఎవరి పేరున ఉంది?

మా అక్క కొడుకు దోహాలో, నజ్మా పేటలో గది అద్దెకు తీసుకుని ఉంటున్నాడు. కిందటి నెల ఫోన్ చేశాడు. "పిన్నీ, కారు దొరికింది. పన్నెండేళ్ల పాతదే గాని ఇంజను బాగుంది" అన్నాడు. "ఎవరి పేరున ఉంది?" అని అడిగాను. కాసేపు మాట రాలేదు. అమ్మేవాడు ఒకరు, కార్డు మీద పేరు మరొకరిది. అసలు యజమాని ఉద్యోగం వదిలి తన దేశం వెళ్లిపోయాడట. తర్వాత బండి రెండు చేతులు మారింది, తెల్లకాగితం మీద సంతకాలతో!

మీ పిల్లలు కూడా ఖతర్‌లో ఉంటే ఈ మాట చెప్పండి. అక్కడ బండి రిజిస్ట్రేషన్ కార్డును ఇస్తిమారా అంటారు. మన మారిషస్‌లో హార్స్‌పవర్ అంటామే, అదన్నమాట. అందులో పేరున్నవారే యజమాని. తెల్లకాగితం డబ్బు ఇచ్చినట్టు చూపుతుందేమో గాని, బండిని మీది చేయదు.

కాగితం విలువ మన పెద్దలకు బాగా తెలుసు. 1867 చట్టం వచ్చాక, ఒప్పందం ముగిసిన కూలీ కూడా ఫోటో ఉన్న టికెట్టు దగ్గర పెట్టుకుని తిరగాలి. లేకపోతే పోలీసులు పట్టుకునేవారు.

పేరు మార్చడం ఇప్పుడు కష్టం కాదు. మెత్రాష్ యాప్‌లో అమ్మేవారు మొదలుపెడతారు, కొనేవారు తమ ఫోన్‌లో ఒప్పుకుంటారు. కాబట్టి యజమాని ఉండాలి, లేదా ఆయన చట్టప్రకారం ఇచ్చిన అధికారపత్రం ఉండాలి. ముందుగా జరిమానాలు కట్టాలి. బ్యాంకు అప్పుంటే తీరినట్టు పత్రం కావాలి. కొనేవారి పేరున బీమా ఉండాలి. మూడేళ్లు దాటిన కారును ఏటా ఫాహిస్ కేంద్రంలో తనిఖీ చేయించాలి. అక్కడ బ్రేకులు చూస్తారు గాని, మీకు అమ్ముతున్నది ఎవరో చూడరు. అది మీరే చూసుకోవాలి. పేరు మారేదాకా డబ్బు మీ జేబులోనే ఉండనివ్వండి.

అమ్మేవారికీ ఇందులో ప్రమాదం ఉంది. ఎవరు నడిపినా జరిమానా ఇస్తిమారాలో పేరున్నవారి మీదే పడుతుంది. 2024 సెప్టెంబరు 1 నుంచి, జరిమానాలు బాకీ ఉంటే అవి కట్టేవరకు దేశం దాటనివ్వరు.

మా వాడు అడ్వాన్సు ఇవ్వలేదు. ఎలాగో అసలు యజమాని నంబరు సంపాదించి ఫోన్ చేశాడు. ఆ బండి ఇంకా తన పేరునే ఉందని పాపం ఆయనకే తెలియదు.