చిత్తడి నేలపై చలికాలపు నడక: పాదరక్షల ఎంపిక

హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలోని వర్క్‌షాపులకు తనిఖీ నిమిత్తం వెళ్ళివచ్చే మాబోటి వారికి పాదరక్షల విలువను ఒకరు చెప్పవలసిన పని లేదు. వానకాలపు బురదలో, ఇనుప ముక్కల మధ్య, భద్రతా బూట్లు లేనిదే అడుగు వేయము. కాని గేటు దాటి ఇంటికి చేరిన తరువాత ఆ జాగ్రత్త మనకు ఎంతవరకు గుర్తుంటున్నది? ఈ ప్రశ్నను నాకు నేనే వేసుకొనవలసిన సందర్భం ఒకటి వచ్చింది.

కొన్నేళ్ళ క్రిందట సంక్రాంతికి మా అక్కగారు, బావగారు శ్రీకాకుళం నుండి భిలాయి వచ్చారు. పండుగ కాగానే అందరము దుర్గ్‌లో రాత్రి రైలెక్కి అంబికాపూర్ చేరి, అక్కడి నుండి జీపులో మైన్‌పాట్ వెళ్ళాము. సర్గుజా జిల్లాలో సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఈ పీఠభూమిని ఛత్తీస్‌గఢ్ సిమ్లా అంటారు. 1960వ దశకం ఆరంభం నుండి టిబెట్ శరణార్థులు ఇక్కడ స్థిరనివాసం ఏర్పరచుకున్నారు. చలి ముదిరిన రాత్రులలో పచ్చికపై మంచు పేరుకుంటుంది. జల్‌జలీ అనే చోట గెంతితే, నానిన నేల పరుపువలె ఊగుతుంది. పిల్లలకు అదొక వేడుక.

బావగారు చెప్పులతో వచ్చారు. నా ట్రంకుపెట్టెలో ఏడెనిమిదేళ్ళుగా భద్రంగా ఉన్న బూట్లను ఆయనకిచ్చాను. కొద్దిగా వదులైనా, చూపులకు కొత్తవిగానే ఉన్నాయి. ఉదయం అరగంట నడిచామో లేదో కుడి బూటు సోలు ఊడి వేలాడింది. తాడుతో బిగించి నడక సాగించాము. "చలిగా ఉందా బావగారూ?" అని అడిగితే, "నాకేమీ తెలియడం లేదోయ్, పద" అన్నారు. ఆ మాటకు సంతోషించాను. భయపడవలసిన మాట అదేనని అప్పుడు తోచలేదు.

ఆయనకు పదిహేనేళ్ళుగా మధుమేహం. పాదాలలో స్పర్శ మందగించిన సంగతి మాకెవరికీ తెలియదు. సాయంత్రం తడి మేజోళ్ళు తీసేసరికి వేళ్ళు తెల్లగా పాలిపోయి, మడమ వద్ద చర్మం ఊడి ఉన్నది. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. "మరికొంత ఆలస్యమైతే వేలు దక్కేది కాదు" అన్నారు డాక్టరుగారు. తప్పు నాది. ఇంజనీరునై ఉండి, నిలువ ఉన్న వస్తువును పరీక్షించకుండా వాడకానికి ఇచ్చాను.

సోలు ఎందుకు ఊడింది? నేటి బూట్లలో చాలావాటి సోలు పాలీయురేథేన్‌తో చేసినది. గాలిలోని తేమ ఈ పదార్థపు అణుబంధాలను క్రమంగా తెంచివేస్తుంది. దీనినే జలవిశ్లేషణ అంటారు. వాడినా, వాడకపోయినా ఈ క్షీణత ఆగదు. కనుక పాత బూట్లను ప్రయాణానికి ముందే బాగా వంచి, సోలును బొటనవ్రేలితో నొక్కి చూడాలి. పగుళ్ళు కనిపించినా, పిండిగా రాలినా వాటిని మానుకోవాలి. బాగున్నట్లు తోచినా రెండు మూడు రోజులు ఊరిలోనే తొడిగి తిరగాలి.

ఇక చలి విషయం. నీరు గాలికంటె దాదాపు 25 రెట్లు అధికంగా వేడిని ప్రసరింపజేస్తుంది. అందుచేత పాదానికి చలికంటె తడి పెద్ద శత్రువు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 నాటి చలికాలం నుండే, ఫ్రాన్సు, ఫ్లాండర్స్ కందకాలలో వేలాది సైనికుల పాదాలు దెబ్బతిన్నాయి. గంటల తరబడి చల్లని బురదనీటిలో నిలబడటమే అందుకు కారణం. నీరు గడ్డకట్టని చలిలో కూడా ఈ ప్రమాదం ఉన్నది.

మన కర్మాగారం సోవియట్ సహకారంతో నిర్మితమై, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన సంగతి మనందరికీ తెలిసినదే. ఆ రష్యాలో పల్లెప్రజల పాదరక్ష వాలెంకీ. అది ఉన్నిని దట్టించి చేసిన బూటు. ఉన్ని గాలిని పట్టి ఉంచి వెచ్చదనాన్ని ఇస్తుంది. నేల తడిగా ఉంటే దానిపై రబ్బరు తొడుగు వేసుకుంటారు. వెచ్చదనం ఒకదాని పని, తడిని ఆపడం మరొకదాని పని. బూటు కొనేటపుడు ఈ రెంటినీ విడివిడిగా పరిశీలించడం మంచిది.

గమ్‌బూటు బయటి నీటిని పూర్తిగా ఆపుతుంది. కాని లోపలి చెమటను బయటికి పోనివ్వదు. గంటసేపు పొలంలో తిరగడానికి చాలును గాని, దూరపు నడకకు తగదు. కర్మాగారపు బూటు ముందరి ఉక్కు తొడుగు 200 జౌళ్ళ దెబ్బను తట్టుకోవడానికి ఉద్దేశించినది. నడకలో ఆ ఉక్కు బరువు అదనం. దూరపు నడకకు చీలమండ దాటే తోలు బూటు మేలు. లోపల నీటిని ఆపి, చెమట ఆవిరిని మాత్రం పోనిచ్చే సన్నని పొర ఉంటే మరీ మంచిది. 1969లో అమెరికాలో రాబర్ట్ గోర్ టెఫ్లాన్‌ను వేగంగా సాగదీసి కనుగొన్న సచ్ఛిద్ర పదార్థంతో ఇటువంటి పొరలు తయారయ్యాయి. బూటు నాలుక రెండు ప్రక్కలా పైవరకు కుట్టి ఉన్నదా అని కూడా చూడాలి. లేనియెడల నీరు అక్కడినుండే చొరబడుతుంది.

సోలు గాళ్ళు లోతుగా, బురద తేలికగా రాలిపోయేటంత ఎడంగా ఉండాలి. 1935లో ఆల్ప్స్ పర్వతాలలో తన మిత్రులు ఆరుగురిని పోగొట్టుకున్న ఇటలీ పర్వతారోహకుడు విటాలే బ్రామాని, అనుచితమైన పాదరక్షలే ఆ విషాదానికి ఒక కారణమని భావించి, 1937లో గాళ్ళున్న రబ్బరు సోలును ప్రవేశపెట్టాడు. నేటి పర్వతారోహకుల బూట్లకు అదే ఒరవడి.

కొనుగోలుకు సాయంకాలం వెళ్ళండి. అప్పటికి పాదం కొంత ఉబ్బి ఉంటుంది. నడకలో వాడే ఉన్ని మేజోళ్ళతోనే తొడిగి చూడండి. వేళ్ళముందు బొటనవ్రేలి వెడల్పు ఖాళీ ఉండాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. మరీ బిగువైతే రక్తప్రసరణ తగ్గి చలి పెరుగుతుంది. నూలు మేజోళ్ళు తడిని పట్టుకొని ఉంటాయి, కనుక ఉన్నివే వాడి, మరొక జత సంచిలో పెట్టుకోండి. తడిసిన బూట్లలో పాత వార్తాపత్రికలు కూరి నీడన ఆరబెట్టండి. నిప్పు దగ్గర పెడితే తోలు బిరుసెక్కుతుంది, జిగురు వదులుతుంది.

ఇంట్లో మధుమేహం ఉన్నవారి విషయంలో మరొక మాట. తొడిగే ముందు బూటు లోపల చేతితో తడిమి చూడండి. నడక ముగిసిన ప్రతి సాయంత్రం పాదాలను వెలుతురులో పరిశీలించండి. "ఏమీ తెలియడం లేదు" అన్న మాటను ధైర్యంగా భావించకండి.

మరుసటి సంక్రాంతికి బావగారు తిరిగి వచ్చారు. ఈసారి దుర్గ్ బజారులో నాలుగు దుకాణాలు తిరిగి బూట్లు కొన్నాము. జల్‌జలీ వద్ద గంటకొకసారి ఆయనను కూర్చోబెట్టి మేజోళ్ళు తీసి చూశాను. "తనిఖీ అధికారివి కదా, నన్నూ వదలవు" అని నవ్వారు. ఆయన పాదాలు పొడిగా, వెచ్చగా ఉన్నాయి.